పసుపు కింద నంబరు

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నా రెండు కళ్ళ మీదా, నా షాపులో ఉన్న ఒక్కగానొక్క కలర్ ప్రింటరు మీదా ఒట్టేసి చెబుతున్నాను. ప్రింటరు ఎందుకంటే, కళ్ళ మీద ఒట్లు ఇంతకుముందు చాలా వేశాను, ఇంకా శుభ్రంగానే కనపడుతున్నాయి. ప్రింటరు మీద వెయ్యడం ఇదే మొదలు. తెనాలిలో నన్నెరిగినవాళ్ళు ఈ పేరా చదివి నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. ఈ ఒక్కసారికి కొలతలు తగ్గించి, రంగులు పలచన చేసి, ఉన్నది ఉన్నట్టు రాయాలనే కూర్చున్నాను.

నాది శుభలేఖలూ, పెళ్ళిసంబంధాల బయోడేటాలూ ప్రింటు తీసే షాపు. ఇన్నేళ్ళూ బయోడేటాలు కొట్టీ కొట్టీ నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరేం చెప్పినా మనసులో సగం కొట్టేసి వింటాను. "సొంత వ్యాపారం" అని కొట్టమంటే కుర్రాడు ఇంట్లోనే ఉంటున్నాడని, "మంచి ఛాయ" అంటే ఫోటోకి లైటు పెంచాలని, "కోరికలేమీ లేవు" అంటే చాలా ఉన్నాయని నాకు అర్థమైపోతుంది. నేను చెప్పే కబుర్లలో ఎదుటివాళ్ళు ఎంత కొట్టేసుకుంటారో వాళ్ళ ఇష్టం.

ఒక మూఢం రోజుల్లో, ఊళ్ళో పెళ్ళిళ్ళు లేక ప్రింటరు మీద గుడ్డ కప్పి కూర్చుని ఉండగా మా అక్క షాపుకొచ్చింది. మా అక్క షాపుకు రాదు. పనుంటే నన్నే ఇంటికి పిలిపిస్తుంది. అప్పుడే అనుకున్నాను, ఏదో ఉందని.

"ఒరేయ్, మీ బావ కారు తెస్తున్నాడు."

"మంచిదే కదక్కా. ఈ వయసులో స్కూటర్ మీద ఎక్కడ తిరుగుతాడు?"

"కొనట్లేదు. మార్చుకుంటున్నాడు. కొల్లూరు తోటిచ్చి."

కొల్లూరు తోట అంటే కృష్ణ మధ్య లంకలో అరటితోట. కాగితాల్లో అది బావ పేరు మీద ఉంది. మిగతా అంతా అక్కదే. ఎండలో తల మీద తువ్వాలు వేసుకుని, బస్సు దిగి, రేవు దాటి వెళ్ళి, ఏ పిలక ఎప్పుడు నాటిందీ, ఏ గెల ఏ వ్యాపారికి వెళ్ళిందీ నోటితో చెబుతుంది. బావ ఆ తోటకి వెళ్ళేది ఫోటోలు దిగటానికి. తోట గురించి మాట్లాడేటప్పుడు మా అక్క గొంతు మారుతుంది. పిల్లల గురించి మాట్లాడేటప్పుడు కూడా అంత మారదు. ఇది కల్పించి చెప్పేది కాదు, కావాలంటే ఆ పిల్లలనే అడగండి.

"ఏం కారక్కా అది, తోటంత విలువైంది?"

"విలాయతి కారంట. రెండే సీట్లంట. మరి మిగతావాళ్ళు ఎక్కడ కూర్చుంటారంటే, అది మిగతావాళ్ళ కోసం చేసిన కారు కాదన్నాడు. బాపట్లలో ఉందంట. వీడియోకాల్‌లో దాని ఓనరు మాట్లాడుతుంటే విన్నాను. ఆయన చెప్పేది వింటుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు."

"అక్కా!"

"తిట్టట్లేదురా, పని చెబుతున్నాను. అందులో ఏదో తేడా ఉంది. నువ్వైతే పట్టుకుంటావు. పట్టుకుని రా."

పోట్లాడొచ్చు కదా బావతో అన్నాను. పోట్లాడనంది. మా బావ ఫిజిక్సు లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి. ఒక మాట నోట్లోంచి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాదు. పోట్లాడితే ఆ మాట ఇంకా గట్టిపడుతుందని అక్కకి తెలుసు.

ఆ సాయంత్రమే బావ ఫోను.

"ఏరా బామ్మర్దీ, నీకు ఇంటర్నెట్టూ గట్రా అలవాటు కదా. ఆ కారు ఫ్యాక్టరీలోంచి బయటికి వచ్చినప్పుడు ఏ రంగు, ఏ ఇంజను, ఏ చక్రాలు, మొత్తం వివరాలు తీసి ప్రింటు కొట్టు. ఎదురుగా పెట్టుకుని ఒక్కోటీ సరిచూద్దాం. అది పుట్టినట్టు ఉంటేనే తోట ఇస్తా. ఇంజను మారిందని తేలితే వద్దంటా."

"ఆ మాట మీద ఉంటావా బావా?"

"నేనెప్పుడు లేనురా?"

అలా ఒకే పనికి ఇద్దరు నన్ను పెట్టుకున్నారు. ఒకరికి తప్పు కావాలి, ఒకరికి ఒప్పు కావాలి. ఇద్దరూ నమ్మింది నన్నే. దీన్ని బట్టి మా ఇంట్లో మనుషుల కొరత మీకు అర్థమై ఉంటుంది.

ఆ కారు పేరు చెప్పను. చెబితే దాని అభిమానులు నా షాపు మీదకి వస్తారు. వాళ్ళని నేను ఇంటర్నెట్‌లో చూశాను. పాత ఫ్యాక్టరీ పుస్తకాలన్నీ స్కాన్ చేసి పెట్టుకుని, సీటు అంచున కుట్టిన గొట్టంలాంటి పట్టీ తెలుపా, బూడిదరంగా అని నెలల తరబడి పోట్లాడుకుంటున్నారు. ఒకాయన తెలుపని ఫోటో పెడితే ఇంకొకాయన ఆ ఫోటోలో ఎండ పడిందన్నాడు. వాళ్ళని చూస్తే నాకు ముచ్చటేసింది. అనుమానం కూడా వేసింది. ఇంత పట్టుదలగా చెప్పేవాళ్ళలో ఒకరైనా ఆ కారు నడిపి ఉంటారా అని.

ఏమైతేనేం, పుస్తకం దొరికింది. చదివితే తేలింది ఇది. ఇంజనుకీ డ్రైవరు కాళ్ళకీ మధ్య ఉండే రేకు గోడకి ఒక చిన్న ప్లేటు కొట్టి ఉంటుంది. దాని మీద కారు నంబరూ, ఇంజను నంబరూ ఉంటాయి. ఆ ఇంజను నంబరే, ఇంజను పక్కన ఇనుములో కూడా గుద్ది ఉంటుంది. రెండూ ఒకటైతే పుట్టినప్పటి ఇంజను. కాకపోతే మధ్యలో వచ్చింది. కార్బురేటర్లు రెండుండాలి. స్పీడు మైళ్ళలో చూపించాలి. ఎరుపు రంగు ఆ ఏడాది జాబితాలో ఉంది. అన్నీ ప్రింటు తీసి, స్పైరల్ వేయించి, అక్క కుట్టుమిషను మీదున్న టేపు జేబులో వేసుకుని, బావతో కలిసి బాపట్ల ప్యాసింజరు ఎక్కాను.

ఓనరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, వెనక్కి దువ్విన తెల్లజుట్టు, మెత్తటి గొంతు.

"వందనాలండి, రండి రండి. ముందు టీ తాగండి. కారెక్కడికీ పోదు. ఇన్నేళ్ళుగా పోలేదు కదా."

టీ తాగుతూ చెప్పాడు. వాళ్ళ నాన్నగారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడి విదేశీ డాక్టరు స్వదేశం వెళ్ళిపోతూ, కారు తాళం ఈయన తండ్రి చేతిలో పెట్టి, ఆ చేతిని పట్టుకుని ప్రార్థన చేశాడట.

"అప్పటినుంచీ ఈ గేటు దాటలేదండి. మా నాన్నగారి చెయ్యి, నా చెయ్యి. మూడో చెయ్యి పడలేదు దీని మీద."

ఆ మాట అంటూ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేను కూడా అక్కడే పెట్టుకుంటాను, అలాంటప్పుడు. నా అనుమానం అక్కడ మొదలైంది.

పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది కారు. నిజంగానే అందంగా ఉంది. పొట్టిగా, నేలకి అతుక్కుని, మూతి ముందుకి చాపి, ఎవరో పిలిస్తే లేచిపోయేట్టు. దాని మీద దుమ్ము జానెడు మందాన... ఒట్టు గుర్తొచ్చింది. దుమ్ము మీద వేలితో పేరు రాయొచ్చు, అంత.

టేపు పట్టి కొలిచాను. పొడుగు సరిపోయింది. చక్రాల ఊచలు సరిపోయాయి. స్పీడు మైళ్ళలోనే ఉంది. హారను నొక్కితే మాత్రం లారీ హారను, అయిదు స్వరాల్లో పాడింది.

"ఇది ఫ్యాక్టరీదేనా అండి?"

"పిల్లలు సరదాపడితే క్రిస్మస్‌కి పెట్టించానండి."

"మరి మూడో చెయ్యి..."

"హారను లెక్కలోకి రాదండి."

బానెట్ ఎత్తాం. కార్బురేటరు ఒక్కటే ఉంది.

"రెండుండాలి కదండి?"

"రెండెందుకండి? ఊరికే పెట్రోలు తాగుతుందని నాన్నగారు ఒకటి తీయించి అటక మీద పెట్టించారు."

"అటకెక్కి చూడొచ్చా?"

"తేనెతుట్టె పట్టిందండి అక్కడ."

ఇదీ వరస. నేను అడగడం పూర్తికాకముందే జవాబు వచ్చేస్తోంది. నిజం చెప్పేవాళ్ళు అలా చెప్పరు. బుర్ర గోక్కుంటారు, "ఏమోనండీ" అంటారు, భార్యని పిలిచి అడుగుతారు. ఇంజను పక్కన నంబరు ఉండాల్సిన చోట చూస్తే వెండిరంగు పెయింటు దట్టంగా, పాయసం మీద మీగడ కట్టినట్టు కట్టి ఉంది. గీకనిమ్మన్నాను. ఒద్దన్నాడు. "చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని వేయించిందండి, పాడవుతుంది."

"ఎవరు వేయించారు?"

"అది... ముందునుంచీ ఉంది."

బావ నా మోచెయ్యి గిల్లాడు. పరాయి ఇంట్లో ఏంటా ప్రశ్నలు అని. ఇంక మిగిలింది రేకు గోడ మీద ప్లేటు. దాని మీద మట్టిరంగులో ఏదో గట్టిగా పట్టేసి ఉంది. తుప్పనుకుని గోటితో గీకాను. గోట్లోకి పసుప్పచ్చటి పొడి వచ్చింది. వాసన చూశాను. ఇంకో పొర గీకితే మధ్యలో ఎర్రగా, ఎండిపోయిన బొట్టు. దాని కింద మళ్ళీ పసుపు. మళ్ళీ బొట్టు. ఒక ఏడాది మీద ఒక ఏడాది, కాజా పొరల్లాగా.

తలెత్తి చూశాను. వరండా గోడ మీద సిలువ. దాని కింద నాన్నగారి ఫోటో.

"అన్నయ్యగారూ, మీరు దసరాకి బండ్లకి పూజ చేస్తారా?"

"మేం లూథరన్లమండి."

"అందుకే అడుగుతున్నా."

అప్పుడు, మొట్టమొదటిసారి, ఆయన బుర్ర గోక్కున్నాడు. వచ్చి ప్లేటు మీదకి వంగి చాలాసేపు చూశాడు. "తుప్పేమోనండి," అన్నాడు చివరికి.

"తుప్పేలేరా," అన్నాడు బావ. జీవితమంతా పిల్లలకి ఫిజిక్సు చెప్పిన మనిషి, గోట్లో పసుపు చూపిస్తే తుప్పంటున్నాడు. అప్పటికే ఆయన సీట్లో కూర్చుని ఉన్నాడు మరి. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. రెండు చేతులూ స్టీరింగ్ మీద వేసి, ఎదురుగా ఉన్న గోడ వైపు, ఆ గోడ లేనట్టు చూస్తున్నాడు. ఆ మొహం నేను ఆయన పెళ్ళి ఫోటోల్లో కూడా చూడలేదు. ఒక్క క్షణం, అక్క పక్షం వదిలేసి ఇటు వచ్చేద్దామనిపించింది.

చేతిరుమాలు తడిపి ప్లేటు తుడిచి, నంబర్లు ఫోనులో ఫోటో తీసుకున్నాను. గేటు దగ్గర ఓనరు బావని అడిగాడు, మామూలుగా, ఎండల గురించి అడిగినట్టు: "తోటలో ఇసుక మేట ఎంత లోతుంటుందండి?"

అరటి పెట్టేవాడు ఒండ్రు ఎంత అని అడుగుతాడు. ఇసుక తవ్వి అమ్ముకునేవాడికి తప్ప ఇసుక ఎంతో ఎందుకు? బావకి ఆ ప్రశ్న వినపడలేదు. ఇంకా కారులోనే ఉన్నాడు.

తెనాలిలో విలాయతి కార్లు చూసే పాత షెడ్డు ఒక్కటే ఉంది. దాన్ని నడిపే సాయిబుగారు ఇప్పుడు పని చెయ్యరు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేసేవాళ్ళని తిడుతుంటారు. పసుపు ఎక్కడ పూశారో వెతకాలంటే షెడ్డుల్లోనే వెతకాలనిపించి మర్నాడే వెళ్ళాను.

"బాపట్ల ఎర్ర కారు ఎప్పుడన్నా చూశారా బాబాయిగారూ? రెండు సీట్లది?"

"చూడటమేంటయ్యా? ఏళ్ళకేళ్ళు ఇక్కడే పడుంది. ఆ మూల. పిల్లులు పిల్లల్ని పెట్టేవి అందులో."

"వాళ్ళు గేటే దాటలేదంటున్నారు."

"అయితే నా షెడ్డుకి ఎగిరొచ్చింది కాబోలు."

"మరి దానికి పసుపు..."

ఆయన నవ్వారు. "దసరా రోజు నా షెడ్డులో ఉన్న ఏ బండైనా సరే బొట్టు పెట్టించుకోవాల్సిందే. పాస్టరుగారి కారుండనీ, మా హాజీగారి జీపుండనీ. మా పనివాళ్ళు ఊరుకోరు. గుమ్మడికాయ, నిమ్మకాయలు కొనేది నేనే. ఆ కారుకి ముందు నంబరు ప్లేటు ఊడిపోయింది. ప్లేటుకే కదా పసుపు రాసేది? లేకపోతే ఎట్టా? బానెట్ ఎత్తితే లోపల ఒక ప్లేటు కనపడిందంట. దానికి రాశారు. ఆ తర్వాత ఏటేటా దానికే. తడిగుడ్డతో తుడిచి రాయండ్రా అంటే వింటేగా!"

"ఇంజను పుట్టినప్పటిదేనా?"

ఇక్కడ ఆయన తల గోక్కున్నారు. నాకు నమ్మకం కలిగింది. "అది మా అన్న చూసిన పని. ఇంజను తీసి ఎవరికో ఇచ్చాడు. రేపల్లె అవతల. పడవకో, నీళ్ళు తోడటానికో. ఆ కాంపౌండరుగారే ఇప్పించాడనుకుంటా. ఇంజను వాళ్ళు తీసుకెళ్ళి, దీనికి ఏదో టాక్సీ ఇంజను పెట్టించారు. లేదా పెట్టించింది వేరే కారుకా... చాలా కాలమైందయ్యా." కాసేపు నా మొహం చూసి, "నువ్వు శుభలేఖల షాపాయనవి కదూ? నీ కబుర్లు చాలా విన్నా. ఇది చెప్పేటప్పుడు నా షెడ్డు కొంచెం పెద్దదిగా చెప్పు," అన్నారు.

షెడ్డు చిన్నదే.

నేరుగా బావ దగ్గరికెళ్ళి చెప్పాను. ఆయన వరండాలో కూర్చుని, నేను ప్రింటు తీసిన పుస్తకంలోనే రంగుల పేజీ చూసుకుంటున్నాడు. చెప్పిందంతా విన్నాడు. విని, పుస్తకం మూశాడు.

"లూథరన్ల కారుకి సాయిబుల షెడ్డులో దసరా పూజ. పూజలో తప్పు ప్లేటుకి పసుపు. కారు ఇంజనుతో రేపల్లెలో నీళ్ళు తోడటం. అంతేనా, ఇంకేమన్నా ఉందా?"

"అంతే బావా."

"రేపల్లె స్టేషన్లో పట్టాలైపోయాక కూడా రైలు ఆగలేదనీ, బజారు దాకా వెళ్ళి, డ్రైవరు ఇడ్లీ తిన్నాక వెనక్కొచ్చిందనీ చెప్పింది నువ్వే కదరా?"

"అది వేరు బావా."

"ఏం వేరు? మీ అక్క చెప్పించిన పాఠం ఇది. ఎల్లుండి ఆయన కాగితాలు తీసుకుని వస్తున్నాడు. మాట ఇచ్చాను."

నా బతుకులో ఒక్క రవ్వ కలపకుండా చెప్పిన మొదటి కథ అది. నా నోట్లోంచి వచ్చిందన్న ఒక్క కారణానికి అది అబద్ధమైపోయింది. అక్క వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఏమీ లేదు. నా వంక చూసిన చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"ఏమండీ," అంది. "చూపించమనండి. చూపిస్తే నమ్ముతారుగా?"

"చూపించమను."

షాపుకెళ్ళి కూర్చుని, రేపల్లె వైపు నేను శుభలేఖలు వేసిన ప్రతి ఇంటికీ ఫోను చేశాను. ఇంజను గురించి అడిగితే, కార్డులు ఆలస్యంగా ఇచ్చావని పాత తిట్లన్నీ తిట్టారు. చివరికి రొయ్యల చెరువులు చేసే ఒకావిడ, "మా మామగారు ఎప్పుడో తెచ్చిన దొరల ఇంజనొకటి ఉందన్నయ్యా. నీళ్ళు బాగానే తోడేది గానీ, తాగుడు ఎక్కువ. పక్కన పడేశాం," అంది.

మర్నాడు ముగ్గురం రేపల్లె రైలెక్కాం. అక్క ఒక కిటికీ దగ్గర, బావ ఎదురుగా ఇంకో కిటికీ దగ్గర. ఇద్దరూ బయటికే చూస్తున్నారు. మధ్యలో నేను. మామూలుగా అయితే ఆ గంటలో ఒక తిమింగలాన్ని కృష్ణలోకి ఎక్కించి ఉండేవాణ్ణి. ఆ రోజు పల్లీలు కొనుక్కుని నోరు మూసుకున్నాను. నాకే అనుమానంగా ఉంది. సాయిబుగారు నాతో ఆడుకున్నారేమో. చెరువులామె చెప్పే ఇంజను ఏ ట్రాక్టరుదో అయితే, రేపు కాగితాల మీద బావ సంతకం పెట్టేస్తాడు. అక్క ఆ తర్వాత కొల్లూరు బస్సు ఎక్కాల్సిన పనుండదు.

ఆటో దిగగానే గట్టు మీదే ఎదురొచ్చింది ఆవిడ.

"వచ్చావా అన్నయ్యా! కార్డులో మా అల్లుడి ఉద్యోగం ఎంత గొప్పగా వేశావంటే, వాళ్ళమ్మ కూడా ఎవరి పెళ్ళి అనుకుందంట. అక్కగారూ, ఈయన మీ తమ్ముడా? మీరెట్టా వేగుతున్నారండీ?"

"అలవాటైపోయిందమ్మా," అంది అక్క.

చెరువు మూల, మేత బస్తాలు పెట్టే పాక వెనక, సిమెంటు దిమ్మ మీద పట్టా కప్పి ఉంది. ఆవిడ పట్టా లాగింది. లోపలినుంచి ఒక కప్ప దూకింది. ఒకటే కప్ప.

ఇంజనుకి బెల్టు చక్రం తగిలించారు. పైపులకి సైకిల్ ట్యూబులు చుట్టారు. ఒంటినిండా తుప్పు. కానీ పక్కన, ఒకదాని వెంట ఒకటి, రెండు కార్బురేటర్లు. నా చేతిలోని పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే.

బావ దగ్గరికి రాలేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి, "రెండు కార్బురేటర్ల ఇంజన్లు ప్రపంచంలో బోలెడు," అన్నాడు. గొంతు మాత్రం బాపట్లలో ఉన్నట్టు లేదు. "ప్లేటు మీదున్న నంబరు దీని మీద చూపించు."

ఆవిడ కిరసనాయిలు గుడ్డ ఇచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని పుస్తకంలో చెప్పిన చోట తుడిచాను. అక్షరాలు బయటికొచ్చాయి. బావ తన ఫోనులో, నేను పంపిన బాపట్ల ప్లేటు ఫోటో తెరిచి పట్టుకున్నాడు. నేను గట్టిగా చదివాను, ఒక్కో అక్షరం, ఒక్కో అంకె. ఆయన ఫోటోలో చూసుకుంటున్నాడు. చివరి అంకె కూడా చదివేశాను. చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే చక్రాలు తిరుగుతున్న చప్పుడొక్కటే.

"ఏదీ, జరుగు," అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. బొటనవేలితో ఆ చోటు రాశాడు. చాలాసేపు చూశాడు.

"సరిపోయింది," అన్నాడు.

అక్కడే నిలబడి బాపట్లకి ఫోను చేశాడు. తోట ఇవ్వట్లేదని చెప్పాడు. అవతల ఓనరు గొంతు నాకూ వినపడింది. ముందు మెత్తగా, తర్వాత గట్టిగా, ఆఖర్న సన్నగా అయిపోయి, "మా నాన్న అట్టా చేసే మనిషి కాదండి," అంది. ఆ ఒక్క మాట మాత్రం తయారుచేసుకున్నట్టు లేదు. వెండిరంగు వేయించింది ఈయనో, తండ్రో, నాకిప్పటికీ తేలలేదు. ఇసుక సంగతి మాత్రం నేను వదల్లేదు. తోట వైపు కొత్త మొహాలు ఎవరొచ్చినా నాకు కబురు చెయ్యమని రేవులో చెప్పి పెట్టాను.

అక్క ఇంజను చూడలేదు. చెరువులామెతో గట్టు మీద నడుస్తూ, ఉప్పు నీళ్ళ దగ్గర అరటి వస్తుందా రాదా అని అడుగుతోంది. బావ వెళ్ళి అక్క పక్కన నిలబడ్డాడు. "తోట ఉంటుందిలే," అన్నాడు. "విన్నాను," అంది అక్క. "శుక్రవారం గెలలు కొట్టించాలి. వస్తే తువ్వాలు తెచ్చుకోండి, ఎండగా ఉంటుంది."

ఇక్కడికి అయిపోయిందని చెప్పి లేవొచ్చు. కానీ ఒట్టేశాను కాబట్టి, ఇందులో కల్పించింది ఏదో చెప్పాలి. పసుపు నిజం. సాయిబుగారి గుమ్మడికాయ నిజం. రెండు కార్బురేటర్లు నిజం. కప్ప కూడా నిజం. నేను కల్పించింది ఆ నంబరు ఒక్కటే. అదీ ఇప్పుడు రాస్తూ కల్పించింది కాదు, అక్కడ, మోకాళ్ళ మీద కూర్చుని కల్పించింది. గుడ్డతో తుడిస్తే మొదటి రెండక్షరాలు కనపడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు. ఉప్పుగాలి తినేసిన ఇనుము, చేత్తో తాకితే రాలిపోయేట్టు. అది ఆ కారు ఇంజనే అయి ఉండాలి. కాకపోయినా కాకపోవచ్చు. బాపట్ల ప్లేటు ఫోటో అన్నిసార్లు చూశాను కదా, నంబరు నోటికొచ్చేసింది. మిగతా అంకెలు ఇంజను మీద చూపు తిప్పకుండా, గట్టిగా, ఎక్కడా తడుముకోకుండా చదివాను.

బావ కళ్ళజోడు పెట్టుకునే వంగాడు. ఆ కళ్ళజోడుతో పేపర్లో సన్న అక్షరాల టెండరు ప్రకటనలు చదువుతాడు. ఏమీ లేని చోట వేలు పెట్టి రాసి, అప్పుడు లేచి, సరిపోయిందన్నాడు.

ఎందుకన్నాడో నేను అడగలేదు. తిరుగు రైల్లో అక్కకి కునుకు పట్టింది. ఆవిడ తల ఆయన భుజం మీదకి వాలింది. కదిలితే లేస్తుందని కాబోలు, మెడ తిప్పకుండా, ఎదురుగా ఉన్న నాతో చిన్నగా అన్నాడు:

"నంబర్లు బాగా చదువుతావురా నువ్వు."